తెలివైన బిడ్డ చెవులు మూసుకున్న వేళ

సర్వలోకాల సృష్టికర్త అయిన అల్లాహ్‌కు సకల స్తోత్రాలు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పైనా, ఆయన కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతి శుభాలు కురియుగాక! అమ్మా బాద్.

ధార్మిక సోదరులారా! మా వల్ల జరిగిన ఒక పొరపాటుతో ఈనాటి ప్రసంగాన్ని ప్రారంభిస్తున్నాము. మా మక్తబ్‌లో తొమ్మిదేళ్ళ బాలుడొకడు చదువుకుంటున్నాడు. రెండు మూడు సార్లు విన్న సూరాను పొల్లుపోకుండా అప్పజెబుతాడు. జకాత్ లెక్కను పెద్దలకంటే ముందే తేల్చి చెబుతాడు. అటువంటి బిడ్డ, జుమా నాడు మైకు కీచుమనగానే చెవులు మూసుకొని బయటకు పరుగెత్తేవాడు. వుజూ తర్వాత తడిసిన చొక్కా ఒంటికి తగిలితే ఏడ్చేవాడు. టోపీ పెడితే తీసి పారేసేవాడు. సఫ్‌లో ప్రక్కవాని భుజం తాకితే తోసివేసేవాడు. ఒక శుక్రవారం మేము అందరి ఎదుట, "ఇంత తెలివైనవాడివి, ఈ మాత్రం అదబు తెలియదా?" అని మందలించాము. ఆ తర్వాత మూడు వారాలు ఆ బిడ్డ మస్జిదుకు రాలేదు.

నాలుగవ వారం అతని తండ్రి వచ్చి, బిడ్డ తనతో అన్న మాటను మాకు చెప్పాడు: "అబ్బా, ఆ శబ్దం చెవిలో సూదిలా దిగుతుంది. మస్జిదులో నిలబడలేకపోతే అల్లాహ్‌కు నేనంటే ఇష్టం ఉండదా?" తొమ్మిదేళ్ళ మనసులో ఆ సందేహాన్ని నాటినవారం మేమే. తండ్రి అనుమతితోనే ఈ సంగతిని మీ ముందు ఉంచుతున్నాము.

సోదరులారా! అల్లాహ్ మనకు వినికిడి, చూపు, వాసన, రుచి, స్పర్శలను ప్రసాదించాడు. వీటితోపాటు శరీరం ఎక్కడ ఎలా ఉన్నదో తెలిపే జ్ఞానాన్నీ, తూలిపోకుండా నిలిపే జ్ఞానాన్నీ, ఆకలిదప్పులను తెలిపే జ్ఞానాన్నీ ఇచ్చాడు. వీటి నుండి క్షణక్షణం వచ్చే సమాచారాన్ని మెదడు వడపోసి, అవసరమైనదాన్ని మాత్రమే మన ధ్యాసకు అందిస్తుంది. కొందరు పిల్లలలో ఈ వడపోత మనలో జరిగినట్లుగా జరగదు. మనకు కేవలం చిరాకు కలిగించే శబ్దం వారికి నొప్పి అవుతుంది. మరికొందరికి స్పర్శ తక్కువగా తెలుస్తుంది. వారు ఊరికే దూకుతారు, గోడలకు ఆనుకొని ఒత్తుకుంటారు, నిలకడగా కూర్చోలేరు. అమెరికాకు చెందిన ఆక్యుపేషనల్ థెరపిస్టు ఏ. జీన్ ఐర్స్ ఈ విషయంపై పరిశోధించి 1972లో ఒక గ్రంథం ప్రచురించారు. ఇది మొండితనం కాదు. తల్లి పెంపకంలోని లోపం కాదు. జిన్నుల పీడ అంతకంటే కాదు.

తెలివైన బిడ్డ విషయంలో మనం మరింత పొరబడతాము. అతని ఆలోచన పద్నాలుగేళ్ళవానిదిగా, ఓర్పు అయిదేళ్ళవానిదిగా ఉండవచ్చు. శక్తులన్నీ ఒకే వేగంతో ఎదగవు. అయినా మనం అతని తెలివినే అతనిపై సాక్ష్యంగా నిలబెట్టి, "అంత తెలిసినవాడు కావాలనే చేస్తున్నాడు" అని తీర్పు చెబుతాము. బడిలో మార్కులు బాగా వస్తాయి గనుక ఉపాధ్యాయునికి కష్టం కనిపించదు. పగలంతా బిగబట్టుకున్న బాధ సాయంత్రం ఇంట్లో బద్దలవుతుంది. నింద తల్లిపై పడుతుంది. బుద్ధి ఒక అమానతు, ఇంద్రియం మరొక అమానతు. ఒకటి బలంగా ఉన్నంత మాత్రాన రెండవది కూడా బలంగా ఉండాలని శాసించే హక్కు మనకు లేదు.

దైవప్రవక్త (స) ఆచరణను గమనించండి. వెల్లుల్లి, ఉల్లి తిని ఆ వాసనతో మస్జిదుకు రావద్దని ఆయన వారించారు. మనుషులకు బాధ కలిగించేది దైవదూతలకూ బాధ కలిగిస్తుందని కారణం తెలిపారు. ఏతికాఫ్‌లో ఉన్నప్పుడు కొందరు బిగ్గరగా ఖుర్ఆన్ పఠిస్తుంటే, ఒకరినొకరు ఇబ్బంది పెట్టవద్దని తెర తొలగించి చెప్పారు. ఖుర్ఆన్ పారాయణమే ఇతరులకు ఇబ్బంది కలిగించకూడదన్నప్పుడు, మన మైకు గరగర సంగతి ఏమిటి? పసిబిడ్డ ఏడుపు విని, తల్లి పడే వేదనను తలచి ఆయన నమాజును కుదించేవారు. మనుమడు వీపు ఎక్కితే సజ్దాను పొడిగించారు. ఏ ప్రాణిపైనా దాని శక్తికి మించిన భారం అల్లాహ్ మోపడు. ఆయన మోపని భారాన్ని మనం పసివానిపై మోపవచ్చునా?

కాబట్టి మందలించే ముందు అడగండి: "ఎక్కడ బాధగా ఉంది, నాయనా?" వుజూలో అవయవాలను ఒక్కొక్కసారి కడిగినా చాలునని హదీసు ద్వారా రుజువైంది. తడి భరించలేని బిడ్డకు తువ్వాలు అందించండి. టోపీ లేనంత మాత్రాన నమాజు చెల్లకుండా పోదు. బిడ్డను సఫ్ చివర, స్పీకరుకు దూరంగా నిలబెట్టండి. అడగకుండా అత్తరు పూయకండి. ఇంట్లో చొక్కా మెడ దగ్గర గుచ్చుకునే లేబులు కత్తిరించండి. మిక్సీ వేసే ముందు ఒక మాట చెప్పండి. పెళ్ళి బాజాల మధ్య అతనికొక నిశ్శబ్దపు గది చూపించండి. అయితే ఇతరులను కొట్టడం, తోయడం తప్పేనని ప్రేమతో నేర్పండి. బాధ కలిగినప్పుడు చెప్పవలసిన మాటను కూడా నేర్పండి.

తావీజు కట్టించి ఊరుకోకండి. ఇటువంటి లక్షణాలు ఆటిజం వంటి ఇతర స్థితులతో కలిసి కూడా ఉండవచ్చు. కనుక పిల్లల వైద్యునికి, ఆక్యుపేషనల్ థెరపిస్టుకు చూపించండి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద పుట్టినప్పటి నుండి 18 ఏళ్ళ వరకు పిల్లలను పరీక్షిస్తారు. దాని క్రింద జిల్లా స్థాయిలో డీఈఐసీ కేంద్రాలు నెలకొల్పారు. అక్కడ విచారించండి. చికిత్సను అన్వేషించడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు.

సోదరులారా! మేము ఆ బాలుని ఇంటికి వెళ్ళి క్షమాపణ కోరాము. అల్లాహ్‌కు అతనంటే అయిష్టం లేదని, తప్పు మాదేనని చెప్పాము. లోపలి స్పీకరు శబ్దం తగ్గించాము. నేటికీ కొన్ని శుక్రవారాలు ఖుత్బా వేళ అతడు వరండాలోనే కూర్చుంటాడు. ఇఖామత్ వినగానే వచ్చి సఫ్ చివర నిలబడతాడు. దయచేసి ఎవరూ అతణ్ణి మధ్యలోకి లాగకండి.

ఓ అల్లాహ్! మా పిల్లల కన్నీటిని అర్థం చేసుకునే హృదయాన్ని మాకు ప్రసాదించు. వారి తల్లుల శ్రమకు శ్రేష్ఠమైన ప్రతిఫలం ఇవ్వు. మా తొందరపాటు తీర్పులను మన్నించు. ఏ బిడ్డ కూడా మా మూలంగా నీ గృహానికి దూరం కాకుండా కాపాడు. ఆమీన్.