కొలువుల తీరు మారింది, బడి తీరు ఎప్పుడు మారాలె?

(వర్గల్‌లో డిగ్రీ విద్యార్థులు, టీచర్లు, ఉద్యోగులు కలిసి ఏర్పాటు చేసుకున్న సభలో ఒక జర్నలిస్టు చేసిన ప్రసంగ పాఠం)



ప్రపంచీకరణ, టెక్నాలజీ వచ్చినంక పని ఎట్ల మారింది, చదువు ఎట్ల మారింది, ఇదీ నాకిచ్చిన అంశం. నేను ప్రొఫెసర్‌ను కాదు. డిగ్రీ చదువుకుంట ఉద్యమంల తిరిగి, 2011 సకల జనుల సమ్మె నాడు ఇదే రాజీవ్ రహదారి మీద మీ అన్నల తోటి కూసున్నోన్ని. తర్వాత పత్రికల పడ్డ. అందుకే ముచ్చటను పుస్తకాల నుంచి కాదు, మా ఇంటి నుంచి మొదలువెడుత.

మా బాపు సికింద్రాబాద్‌ల ఒక ప్రింటింగ్ ప్రెస్సుల కంపోజిటర్. సీసం అక్షరాలను గళ్ల పెట్టెలకెల్లి ఒక్కొక్కటి ఏరి, స్టిక్కుల పేర్చి వాక్యం కట్టేటోడు. ఆ అక్షరాలు అద్దంల చూసినట్టు తిరగబడి ఉంటయి. అట్ల తిరగబడ్డదాన్నే గడగడ చదివేటోడు. ఆయన చదివింది నాలుగో తరగతి. 1990ల చివర్ల యజమాని కంప్యూటర్ తెచ్చిండు. డీటీపీ అన్నరు. పన్నెండు మంది చేసే పని ఇద్దరు పిలగాండ్లు చేసుడు మొదలైంది. మిగతావాళ్లకు లెక్క జేసి పంపిచ్చిండ్రు. బాపు ఊరికొచ్చి కూరగాయల తోటల కూలికి పోయిండు. పన్నెండు మందిల ఒక్కాయన మాత్రం ఆ ప్రెస్సులనే ఉండిపోయిండు. పదో తరగతి పాసైన మనిషి, ప్రూఫులు దిద్దుడు నేర్చుకున్నడు. కంప్యూటర్ వచ్చినా తప్పులు పోలే, గనుక దిద్దేటాయన కొలువు పోలే.

యంత్రం వచ్చుడు మన చేతుల లేదు. అది వచ్చిన నాడు ఎవరు రోడ్డున పడాలె, ఎవరు నిలబడాలె అన్నది మాత్రం చాన ఏండ్ల ముందే బడి తేల్చేస్తది. ఇయ్యాల నేను చెప్పదల్చుకున్నది ఇదే.

కచేరి భాష మారినప్పుడల్లా

మన చరిత్రల ఇది కొత్త గాదు. నిజాం రాజ్యంల ముందు కచేరి భాష ఫారసీ, 1880ల నుంచి ఉర్దూ. 1918ల ఉస్మానియా విశ్వవిద్యాలయం పెట్టిండ్రు. డాక్టరు చదువు, ఇంజనీరు చదువు కూడా దేశభాషల చెప్పొచ్చని చేసి చూపిచ్చిండ్రు. పుస్తకాలు అనువాదం చేసేటందుకే ఒక శాఖ నడిపిండ్రు. అది గొప్ప పని, కాదనేది లేదు. కానీ తెలుగు మాట్లాడే పల్లె రైతు బిడ్డకు ఆ మెట్టు అందలే.

1948 సెప్టెంబర్‌ల పోలీసు చర్య అయింది. పాలన ఇంగ్లీషు దిక్కు మళ్లింది. నిన్నటిదాక ఉర్దూల చదివి మొనగాండ్లు అనిపిచ్చుకున్నోళ్లు ఇంగ్లీషు రాదని ఎనకబడ్డరు. ఇంగ్లీషు వచ్చినోళ్లు బయటికెల్లి వచ్చి కుర్సీలల్ల కూసున్నరు. 1952 ముల్కీ ఉద్యమం, సిటీ కాలేజీ కాల్పులు ఆ మంటలకెల్లి పుట్టినయే. 1956 పెద్దమనుషుల ఒప్పందం, 1969 పోరాటం, 1985 డిసెంబర్ 30 నాటి 610 జీవో, అన్నిట్ల నలిగింది కొలువుల పంచాయితే. మనం దాన్ని స్థానికుడు, స్థానికేతరుడు అన్న లెక్కన కొట్లాడినం. ఆ కొట్లాట న్యాయమైనదే. దాని అడుగున ఇంకో పొర ఉన్నది, దాని గురించి తక్కువ మాట్లాడినం. పని అడిగే చదువు ఒకటి, మన ఊరి బడి చెప్పే చదువు ఇంకొకటి. మనం ఒక మెట్టు ఎక్కేలోపల నిచ్చెననే మార్చిండ్రు.

రెండు తలుపులు, ఒక్క మనిషి

దీనికి సాక్ష్యం మన వర్గల్‌లనే ఉన్నది. నవోదయ బడి. 1986 జాతీయ విద్యా విధానం కింద దేశమంత ఈ బడులు వచ్చినయి. అప్పుడు కేంద్రంల మానవ వనరుల మంత్రి మన వంగర బిడ్డ పి.వి. నరసింహారావు. 1971ల సర్వేల్‌ల గురుకుల పాఠశాల మొదలైంది కూడా ఆయన కాలంలనే. పల్లె పిల్లకు మంచి బడి ఎందుకుండొద్దు అని అడిగిన మనిషి ఆయన. ఆయననే 1991ల ప్రధాని అయి సరళీకరణ తెచ్చిండు. 1995 జనవరి 1 నుంచి ప్రపంచ వాణిజ్య సంస్థ నడుస్తున్నది. అంటే ఒకే మనిషి రెండు తలుపులు తీసిండు. ఒకటి పల్లె పిల్లకు బడి తలుపు, ఇంకోటి లోకానికి మన మార్కెట్టు తలుపు. రెండోది బార్లా తెరుచుకున్నది. మొదటిది సందు మాత్రమే ఇచ్చింది. నవోదయల ఏటా ఆరో తరగతికి తీసుకునేది మహా అయితే 80 మందిని, అదీ జిల్లా మొత్తం మీద పరీక్ష పెట్టి. అందుల 75 శాతం సీట్లు పల్లె పిల్లలకే ఇస్తరు, సంతోషం. మరి పరీక్ష రాసి బయట మిగిలిన పిల్లలు ఏ తలుపు కొట్టాలె?

ఆ రెండో తలుపుకెల్లి ఏమొచ్చిందో హైదరాబాద్ చెప్తది. బాలానగర్‌ల ఐడీపీఎల్, సనత్‌నగర్‌ల ఆల్విన్, కవాడిగూడల ప్రాగా టూల్స్. ఒకప్పుడు ఐటీఐ సర్టిఫికెట్ చేతపట్టుకొని పోతే గేటుకాడ అప్రెంటిస్ దొరికేది. మెదక్ జిల్లా పల్లెలకెల్లి పోయి మెషిన్ మీద నిలబడి, యూనియన్ పెట్టుకొని, పింఛన్ తీసుకున్నోళ్లు ఉన్నరు. ఒక్కొక్క గేటూ మూతబడ్డది. బోధన్ నిజాం షుగర్స్ 2002ల ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబర్‌ల మూతబడ్డది. మరోదిక్కు 1998ల మాదాపూర్‌ల సైబర్ టవర్స్ లేచింది. కొలువులు రాలేదని నేను అంటలేను. వచ్చినయి, లక్షల్ల వచ్చినయి. కానీ ఐటీఐ చదివినోడి గేటు మూసి, ఇంగ్లీషు చదివినోడి గేటు తీసిండ్రు. రెంటి నడుమ దాటేటందుకు వంతెన కట్టలే.

తరగతి గదిల ఏమైంది?

అమెరికాల పొద్దుగూకితే మనకు తెల్లారుతది. ఆ తేడా మీదనే వ్యాపారం నిలబడ్డది. వాళ్లు పండుకున్న యాళ్ల మన పిల్లలు వాళ్ల కంప్యూటర్ పని చేసి పెట్టాలె. 2000 సంవత్సరం తేదీల సమస్యను సరిచేసేటందుకు మనోళ్లను గంపగుత్తగ తీసుకపోయిండ్రు. అమీర్‌పేటల మైత్రీవనం చుట్టూ కోర్సుల దుకాణాలు వెలిసినయి. అక్కడి మార్కెట్టు ఏ కోర్సు అడిగితే ఇక్కడ పిలగాడు ఆ కోర్సుకు అప్పు జేసిండు. 2008ల అమెరికా బ్యాంకు కూలితే, 2009 జనవరి 7న సత్యం లెక్కలు బయటపడితే, ఈడ పల్లెల కన్నతల్లికి నిద్రపట్టలే. ప్రపంచీకరణ అంటే ఇదే తల్లీ అని అప్పుడు ఆమెకు ఎవరు చెప్పాలె?

ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చినంక పేదింటి పిల్ల కూడా ఇంజనీరింగ్ గడప తొక్కింది. అది చిన్న సంగతి గాదు. కానీ ఉమ్మడి రాష్ట్రంల ఏడు వందల దాక ఇంజనీరింగ్ కాలేజీలు పుట్టుకొచ్చినయి. ల్యాబు లేని కాలేజీ, సారు లేని ల్యాబు ఎన్ని చూడలే మనం? ప్రోగ్రామును ఎక్కాల లెక్క బట్టీ కొట్టిచ్చిండ్రు. మెదడుకు పని చెప్పని చదువును కంప్యూటర్ చదువు అన్నరు.

టెక్నాలజీని నెత్తిన పెట్టుకొని మనిషిని పక్కకు జరిపితే ఏమైతదో 2019 ఏప్రిల్‌ల చూసినం. ఇంటర్ ఫలితాల్ల బాగ చదివే పిల్లలు కూడా ఫెయిలైనట్టు చూపిచ్చింది. ఇరవై మందికి పైగా బిడ్డలు ప్రాణం తీసుకున్నరు. సర్కారు వేసిన త్రిసభ్య కమిటీనే తప్పులున్నయని తేల్చింది. కంప్యూటర్ చెప్పినంక దిద్దేటోడు ఎందుకు అనుకున్న చోట జరిగిన ఘోరం ఇది.

మళ్లా కరోనా. 2020 సెప్టెంబర్ 1 నుంచి టీశాట్ల, దూరదర్శన్ యాదగిరిల పాఠాలు. పాఠం చెప్పిన సార్లను తప్పుపడ్తలేను. కానీ ఇంటికి ఒక్కటే సెల్‌ఫోను. నాయిన టమాట మూటలు ఏసుకొని వంటిమామిడి మార్కెట్టుకు పోతే ఫోను తోటి సందేహం అడిగే సారు కూడా పోయేది. ఇద్దరు పిల్లలున్న ఇంట్ల ఫోను ఎవరికిచ్చిండ్రు? మీలో ఆ రోజుల్ల ఎనిమిది, తొమ్మిది చదివిన ఆడపిల్లలు ఉన్నరు, మీకు ఎరికే.

నియామకాలు అంటే ఇప్పుడు ఏంది?

నీళ్లు, నిధులు, నియామకాలు అని గొంతులు పోయేదాక అరిసినం. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. తర్వాత వేతన సవరణ సంఘం నివేదికలనే లక్షా 91 వేల దాక ఖాళీలున్నయని తేలింది. రాష్ట్రం వచ్చినంక తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022ల వచ్చింది, ఆ పరీక్ష పేపర్ల లీకుతోటి 2023 మార్చిల రద్దయింది. కార్యాలయంల కంప్యూటర్‌కెల్లే పేపర్లు బయటికి పోయినయి. కోచింగ్ సెంటర్ల ఐదు రూపాయల భోజనం తిని చదివిన పిలగాని వయసుకు ఎవరు లెక్క చెప్పాలె? ఈ ప్రశ్న ఏ సర్కారుకైనా అడుగుతం, పార్టీ చూసి అడుగం.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలె. సర్కారు కొలువులన్నీ నింపినా అందరికీ సరిపోవు. ప్రైవేటు కొలువు ఇప్పుడు కరిగిపోయే మంచుగడ్డ. 2022 నవంబర్‌ల చాట్‌జీపీటీ వచ్చింది. 2025 జూలైల దేశంల పెద్ద ఐటీ కంపెనీ టీసీఎస్సే పన్నెండు వేల మందికి పైగా తగ్గిస్తనన్నది. అదే ఏడు సెప్టెంబర్‌ల అమెరికా కొత్త హెచ్-1బీ వీసాకు లక్ష డాలర్ల రుసుం పెట్టింది. కొత్తగ చేరే పిలగాండ్లకు ఇచ్చే చిన్న చిన్న పనులే ముందుగాల యంత్రం పట్టుకపోతున్నది. కింది మెట్టే పోతే పైమెట్టుకు ఎట్ల ఎక్కుతరు?

ఇగ బండి మీద పార్సిళ్లు అందించే తమ్ముళ్లు. వాళ్ల మేస్త్రీ ఫోన్ల ఉంటడు. కూలి ఎందుకు తగ్గింది అని అడుగుదామంటే మొఖం లేదు. బాపును పంపిచ్చిన యజమానికి కనీసం మొఖం ఉండె, నాలుగు మాటలు అననీకి మనిషి ఉండె.

మనం చేయవలసింది

ముందు విద్యార్థులకు. ఫోను జవాబు చెప్తది, చెప్పనీయండి. ఆ జవాబుల తప్పు ఎక్కడున్నదో పట్టుడు మీ పని. రోజుకు ఒక్క తప్పు పట్టుండ్రి. తెలుగుల ఒక పేజీ తప్పు లేకుంట రాయుండ్రి, అదే సంగతి ఇంగ్లీషుల చెప్పుండ్రి. తెలుగు మరిచి ఇంగ్లీషు నేర్చుకోవాల్నని ఎవరన్నా చెప్తే నమ్మకండ్రి. రెండు కాళ్లుంటే నడక బాగుంటది.

సార్లకు, మేడమ్‌లకు. యంత్రం వస్తే మీ కొలువు పోదు. అప్పజెప్పిచ్చుకునే పాఠం పోతది, అంతే. ప్రశ్న అడిగిన పిల్లను కూసోబెట్టకుండ్రి. 2022-23 నుంచి సర్కారు బడులల్ల ఇంగ్లీషు మీడియం మొదలువెట్టిండ్రు. పుస్తకంల రెండు భాషలు పక్కపక్కన పెడితే సరిపోదు, రెండు భాషలల్ల చెప్పే టీచరు కావాలె. ఆ శిక్షణ కోసం మీ సంఘాలు కొట్లాడాలె. పీఆర్‌సీ కోసం ఎంత కొట్లాడుతరో దీనికోసం అందుల సగం కొట్లాడినా చాలు.

ఉద్యోగులకు. సమ్మె నాడు మీరు 42 రోజులు జీతం ఇడిచిపెట్టి మా ఎంబడి నిలబడ్డరు. మేం మరిచిపోలే. ఇప్పుడు మీ ఆఫీసుల ఔట్‌సోర్సింగ్ కింద కూసున్న పిలగాడు కూడా ఉద్యోగే. కంప్యూటర్ ముందట పని అంతా చేసేది ఆయననే, భద్రత లేనిది ఆయనకే. మీ యూనియన్ల ఆయనకు ఒక కుర్సీ వెయ్యండ్రి.

ఇగ సర్కారుకు. 2024ల 65 ఐటీఐలను ఆధునిక సాంకేతిక కేంద్రాలుగ మార్చే పని మొదలువెట్టిండ్రు. మంచిదే. మెషిన్లు వచ్చినంక నేర్పేటోడు పర్మినెంటుగ ఉన్నడా లేడా, అది అడుగుతం. మన వర్గల్, ములుగు మండలాలల్ల భూములు ఇచ్చి ఫ్యాక్టరీలు తెచ్చుకున్నం. భూమి పోయిన ఇంటి పిల్లకు అండ్ల అప్రెంటిస్ దొరికిందా, వాచ్‌మెన్ కొలువే దొరికిందా, ఊరూరా లెక్క తీయుండ్రి. ఆ లెక్క మనమే తీయాలె, ఇంకెవరో తీసియ్యరు.

ఆఖరుకు మా బాపు ముచ్చట చెప్పి సెలవు తీసుకుంట. ఆయనకు ఇప్పుడు డెబ్బై దాటినయి. పేపర్ చేతికి ఇస్తే ముందు వార్త చదువడు, అచ్చుతప్పు పడతడు. నేను రాసిన దాంట్ల కూడా పడతడు. "గీ ఒత్తు తప్పు రాసినవ్ రా" అని వేలు పెట్టి చూపిస్తడు. అంటే ఆ ప్రెస్సుల ఉండిపోయినాయన చేసిన పని మా బాపుకు కూడా వచ్చు. నాలుగో తరగతి కాగితం చూసి ఎవరూ ఆయనను అడగలే. ఆయన కూడా, నాకు వచ్చు అని చెప్పలే. చెప్పొచ్చని ఆయనకు ఏ బడీ నేర్పలే.

మన బడి పిల్లలకు కనీసం ఆ ఒక్కటన్నా నేర్పుదాం. జై తెలంగాణ.