ఓడెక్కిన బల్లి



గోడ మీద బల్లి అందరికీ తెలుసు. మాట మధ్యలో చిక్‌చిక్‌మంటే "చూశావా, బల్లి పలికింది, నిజమే" అంటాం. మీద పడితే పంచాంగం తీస్తాం. అయితే ఈ బల్లికి ఇంకో కథ ఉంది.

మన ఇళ్ళల్లో ఉండే బల్లుల్లో ఒక రకం ఓడలెక్కి దేశాలన్నీ తిరిగింది. టికెట్టు లేదు. అడిగినవాళ్ళూ లేరు. పెట్టెల సందుల్లో, కలప దుంగల్లో, సరుకుల మధ్య దాక్కుని పోయింది. ఇది ఒక్కో కాన్పుకు రెండు గుడ్లు పెడుతుంది. గుడ్డు పెంకు గట్టిది. మగబల్లితో ఒక్కసారి కలిస్తే నెలల తరబడి గుడ్లు పెట్టగలదు. అందుకే ఒక్క ఆడబల్లి ఓడ దిగినా చాలు, సంసారం పెరిగిపోతుంది.

ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ ఓడరేవులో ఇది 1980లలో కనిపించింది. ఇప్పుడు అక్కడ ఇళ్ళ గోడల మీద అదే రాజ్యం. హవాయి దీవుల్లో దీపాల దగ్గర చేరే పురుగులను ఇదే తినేస్తుంది. ముందునుంచీ అక్కడున్న చిన్న బల్లి గోడలు వదలాల్సి వచ్చింది.

మారిషస్ పేరు వినే ఉంటారు. వందేళ్ళకు పైగా తెలుగువాళ్ళు బతుకుతున్న దీవి అది. అక్కడ మాత్రమే పుట్టిన రాత్రి బల్లులున్నాయి. కొత్త బల్లి వాటి బొరియలు ఆక్రమించింది. పిల్లల్ని పట్టి తినేసింది కూడా. ఇప్పుడా పాత బల్లులు పెద్ద దీవిలో లేవు. చుట్టూ ఉన్న చిన్న తిప్పల మీదే మిగిలాయి.

బల్లిని తిట్టి లాభం లేదు. ఇక్కడ అది పుట్టి పెరిగిన చోటు. దాన్ని తినేవీ ఉన్నాయి, దానితో పోటీ పడేవీ ఉన్నాయి. కొత్తచోట అవి లేవు. అంతే తేడా. (అన్నట్టు, మన బల్లికి విషం లేదు. దాని రెట్టలో రోగ క్రిములుంటాయి. అందుకే కూరగిన్నె మీద మూత పెట్టాలి.)

మనకూ ఇలాంటి చుట్టం ఒకటి వచ్చింది. దాని పేరు నల్ల తామర పురుగు. నువ్వుగింజ కన్నా చిన్నది. ఆగ్నేయాసియా దేశాల పురుగు. 2015లో బెంగుళూరు దగ్గర బొప్పాయి మీద ఉందని తేలింది. 2021లో మన మిరప చేలల్లో పడింది. పూలల్లో దూరి రసం పీల్చింది. పూత రాలింది, కాయ వంకర పోయింది. మందు మీద మందు కొట్టారు, అప్పులు పెరిగాయి. కొన్నిచోట్ల పైరు పీకేశారు కూడా. కూలికి పోయే ఆడవాళ్ళకు ఆ ఏడు కాయకోత పని తగ్గింది.

మిరప పూలను ముందుగా చూసేది కలుపు తీసే ఆడవాళ్ళే. పూవును అరచేతిలో దులపండి. నల్లగా కదిలితే చేను యజమానికి చెప్పండి. నారు కొనేటప్పుడు ఆకు తిప్పి చూడండి. చేను చుట్టూ రెండు మూడు వరసలు జొన్నగానీ మొక్కజొన్నగానీ వేస్తే కొంత అడ్డు. నీలిరంగు జిగురు అట్టలు కడితే పురుగులు వాటికి అంటుకుంటాయి. పక్క చేనువాళ్ళకూ చెప్పాలి. ఒక చేలో మందు కొడితే ఇది గట్టు దాటి ఇంకో చేలోకి పోతుంది.