మెట్ట నుండి కొల్లేటికి

విశ్రాంతి కొరకు దూరదేశములకు పోవుట నేడు మన ప్రాంతమున వింత కాదు. మా బంధువుల పిల్లవాడొకడు ఉత్తర థాయిలాండులోని చియాంగ్ మాయి నగరమునకు స్నేహితునితో విమానమున పోయి, అచట మోటారు సైకిలు అద్దెకు తీసుకొని, కొండదారులలో రెండు దినములు ఇచ్ఛ వచ్చినట్లు తిరిగి వచ్చినాడు. ఆ షికారులో నీకు మిక్కిలి నచ్చినదేమని అడిగితిమి. కొండలు కావు, గుడులు కావు, తొందర లేకపోవుటయే నచ్చినదనెను. తొందర లేకపోవుటకు అంత దూరము పోవలెనా అని మాకు తోచినది. ఆ వారమే జంగారెడ్డిగూడెములోని మిత్రునకు ఫోను చేసితిమి.

ఈ మిత్రుడు జంతుశాస్త్రోపన్యాసకుడు. మాతో కలిసి చదివినవాడు. శని ఆదివారములు కారులో తిరుగుదమనగా, "నువ్వు నడిపితే రాను, నేను నడిపితే వస్తాను" అనెను. మేము కారు నడపుట యెడల అతనికి గల అభిప్రాయము కళాశాల దినములనాటిది, ఇక మారదు. గంటకు నలుబది కిలోమీటర్లకు మించి నడపనని అతడొక షరతు పెట్టెను. దక్షిణముగా, పల్లమునకు పోవలెనని మేమొకటి పెట్టితిమి. జంగారెడ్డిగూడెమునకు దక్షిణముగా పోవుటయనగా కొల్లేటికి పోవుటయే. అతడు కొంతసేపు పలుకలేదు. తరువాత సరేననెను.

ఆ మౌనమునకు కారణము మాకు తెలియును. అతడు పుట్టినది కొల్లేటి లంకలలోని ఒక చిన్న ఊరు. తండ్రిగారు 2010లో కాలము చేసిన పిదప అతడా ఊరికి పోయియుండలేదు.

సంక్రాంతి వెళ్ళిన పిమ్మట వచ్చిన శనివారమున ఉదయము బయలుదేరితిమి. మొదట గురవాయిగూడెము పోయి, ఎర్రకాలువ ఒడ్డున మద్దిచెట్టునే నెలవుగా చేసికొన్న ఆంజనేయస్వామిని దర్శించితిమి. శనివారమగుటచే జనసమ్మర్దము మెండు. ప్రదక్షిణము చేసి, టీ త్రాగి, బండి వెనుకకు త్రిప్పి కామవరపుకోట దారి పట్టితిమి.

మెట్ట ప్రాంతము ఆ ఋతువులో చూడదగినది. ఎర్రనేలలో పొగాకు మోకాలెత్తు దాటి నిలిచియుండును. ఆకు కొట్టు పని ఆరంభమైన చోట్ల బ్యారన్ల నుండి కట్టెల పొగ లేచుచుండును. పచ్చి ఆకు వేడికి పసుపువన్నె తిరుగునప్పుడు వచ్చు వాసన దారి పొడవునను మమ్ము వెన్నాడినది. పొగాకు పొగ పడని మాకు ఆ పచ్చి వాసన మాత్రము హాయిగనే ఉండెను. ఇది ఎట్టి న్యాయమో తెలియదు. పొగాకు తోటల నడుమ పామాయిలు తోటలు వరుసలు తీరి యున్నవి. ఏలూరునకు ఉత్తరమున పెదవేగిలో 1995లో ఈ పంటకు ప్రత్యేకముగా జాతీయ పరిశోధన కేంద్రమునే నెలకొల్పిరి. పామాయిలు చెట్టుకు నీరు విస్తారముగా కావలెను. మెట్టలో ఆ నీరు బోరుబావుల నుండి రావలసినదే. మిత్రుడొకచోట బండి ఆపి, తోటలో పారుచున్న సన్నని నీటిని చూపి, "ఇక్కడ నీళ్ళు పైకి తోడుకోవాలి. మా ఊళ్ళో బయటికి తోడుకోవాలి. మధ్యలో యాభై మైళ్ళు కూడా లేవు" అనెను. తన ఊరి ప్రసక్తి అతడు తెచ్చుట ఆ దినమున అదియే మొదలు.

కామవరపుకోట దాటి జీలకర్రగూడెము చేరితిమి. దాని ప్రక్కనున్నవే గుంటుపల్లి బౌద్ధగుహలు. ఇన్ని సంవత్సరములు ఈ దారిన పోవుచు వచ్చుచు ఉండియు, మేము మెట్లెక్కుట అదియే తొలిసారి. తొందరలో ఉన్నవానికి చేరువనున్నదే దూరము. అచటి గుహాచైత్యము క్రీస్తునకు పూర్వము రెండవ శతాబ్ది ప్రాంతమునాటిది. లోపల గుండ్రని గది, నడుమ రాతి స్తూపము, చుట్టును ప్రదక్షిణమునకు దారి. స్తూపమును ఊరివారు ధర్మలింగేశ్వరుడని కొలిచిరి. వారి భక్తికి రూపభేదము అడ్డు రాలేదు. లోకప్పును చూచి మేమిరువురమును చాలసేపు నిలిచిపోయితిమి. తాటాకు పాకకు వేయునట్టి వాసములు, పట్టెలు రాతిలో చెక్కబడి యున్నవి. కొండను తొలిచిన గుహకు వాసములతో పని లేదు. అవి లేకున్నను కప్పు కూలదు. అయినను శిల్పి వాటిని వదలలేదు. బీహారులోని బరాబరు కొండలలో ఉన్న లోమశఋషి గుహతో దీనికి పోలిక కలదని పండితులు చెప్పుదురు. మిత్రుడు మాత్రము, "కట్టెతో కట్టిన ఇంట్లో పుట్టినవాడు రాతిలో కూడా అదే ఇల్లు కట్టుకున్నాడు" అనెను.

కొండపై వరుసగా నున్న చిన్న స్తూపముల వద్ద కూర్చుండి, తెచ్చుకొన్న పులిహోర తింటిమి. దక్షిణముగా చూచినచో నేల కొంచెము కొంచెముగా వాలుచు పోవుచున్నట్లు కనిపించును. కారు వేగముగా పోవునప్పుడు ఈ వాలు తెలియదు. నేలయంతయు చదునే యనిపించును. ఆ వాలు తెలిసినవి ఏరులే. ఎర్రకాలువ తూర్పుగా తన దారిని పోవును. చింతలపూడి మెట్ట మీదుగా దిగివచ్చు తమ్మిలేరు ఏలూరు వద్ద రెండుగా చీలి కొల్లేటిలో కలియును. పడమటి నుండి బుడమేరు, ఉత్తరము నుండి రామిలేరు వచ్చి అందులోనే చేరును. వచ్చు దారులు పెక్కు. సముద్రమునకు పోవు దారి మాత్రము ఉప్పుటేరు ఒక్కటే.

పెదవేగి మీదుగా సాయంకాలమునకు ఏలూరు చేరితిమి. శాలంకాయనులకును, పిదప తూర్పు చాళుక్యులకును రాజధానియైన వేంగి ఇదియే గదా అని అచట ఆగితిమి. ఆనాటి వైభవము కంటె అప్పుడు మాకు మిరపకాయ బజ్జీల బండి ఎక్కువ ఆకర్షణీయముగా తోచినదని ఒప్పుకొనక తప్పదు. ఆ రాత్రి ఏలూరులో కాలువ గట్టున నడిచితిమి. ధవళేశ్వరము ఆనకట్ట 1852లోను, విజయవాడ ఆనకట్ట 1855లోను పూర్తియైన పిదప గోదావరి నీరు తూర్పు నుండి, కృష్ణ నీరు పడమటి నుండి ఈ ఊరిని చేరినవి. రైలు బండి బలపడువరకు బాటసారులును, బస్తాలును పడవలలోనే ప్రయాణము చేయుచుండిరి. నాటి పడవల వేగమును తలచుకొనగా, మా నలుబది కిలోమీటర్లు దూకుడే యనిపించినది.

ఆదివారము తెల్లవారుజామున కైకలూరు రోడ్డున పోయితిమి. ఈ రోడ్డు కొల్లేటి గర్భమునుండియే పోవును. వరద వచ్చినప్పుడు చినఎడ్లగాడి, పెదఎడ్లగాడి వద్ద నీరు దీనిపై పొరలును. మంచు విడువలేదు. ఇరుప్రక్కల చేపల చెరువుల గట్లు, గట్లపై మేత బస్తాలు, వాటి ఆవల గుర్రపుడెక్క, కిక్కిస. సరస్సు ఎచట ముగిసినదో, చెరువు ఎచట మొదలైనదో క్రొత్తవారికి తెలియదు. మిత్రుడు ఇక్కడ గంటకు ఇరువది కిలోమీటర్లకు దిగెను. అతడు దారి పొడవున చెప్పినదాని సారమిది.

1970 దశాబ్దమున ప్రభుత్వమే ఇచటి సహకార సంఘములను ప్రోత్సహించి చేపల చెరువులు త్రవ్వించినది. బీదవారికి కూడు దొరకినది. పిదప ధనవంతులును వచ్చిరి. చెరువులు పెరిగినవి, సరస్సు తరిగినది. 1999లో ఐదడుగుల ఎత్తు రేఖ వరకు, అనగా 308 చదరపు కిలోమీటర్లు, వన్యప్రాణుల అభయారణ్యమని ప్రకటించిరి. ఇచట పామరులు సైతము దానిని ఐదో కాంటూరు అనియే అందురు. 2002లో కొల్లేరు అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సారు జాబితాకు ఎక్కినది. ఆ ఒడంబడిక 1971లో ఇరానులోని రామ్‌సారు పట్టణమున జరిగినది గనుక ఆ పేరు. 2006లో సుప్రీంకోర్టు నియమించిన కమిటీ సూచనలను అనుసరించి ఆ రేఖ లోపలి చెరువుల గట్లను యంత్రములతోను, ప్రేలుడు పదార్థములతోను తెంచివేసిరి. మిత్రుని తండ్రిగారికి సంఘపు చెరువులో వాటా ఉండెడిది. ఆ గట్టును తెగినది. అంతకు కొలది నెలలకు ముందు, క్రొత్తగా ఉద్యోగమున చేరిన మిత్రుడు ఒక సభలో నిలిచి, చెరువులు పోవలసినదే యని శాస్త్రప్రమాణములతో ఉపన్యసించినాడు. తండ్రిగారు ఆ సభలో వెనుక వరుసలో కూర్చుండి యుండిరి.

"ఆ తర్వాత నాన్న నాతో ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. నాలుగేళ్ళకి పోయారు" అని చెప్పి ఊరకుండెను.

ఆటపాక చేరి పడవ ఎక్కితిమి. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వందలకొలది ఉన్నవి. చెట్లు చాలనందున వాటికి ఇనుప మంచెలు నిలిపిరి. పక్షులు ఆ ఇనుముపై పుల్లలు పేర్చి, గూళ్ళు కట్టి, పిల్లలను పొదుగుచున్నవి. మిత్రుడు గుంటుపల్లి గుహను గుర్తు చేసి, "రాతిలో వాసాలు చూశాం. ఇదిగో ఇనుములో కొమ్మలు" అనెను. ఈ గూడబాతుల కథ పాతది. కొల్లేటికి చేరువనున్న ఆరేడు గ్రామమున తాటిచెట్లపైని వేలాది గూళ్ళను గూర్చి కేరళకు చెందిన పక్షిశాస్త్రజ్ఞుడు కె. కె. నీలకంఠన్ వ్రాసిన వ్యాసము 1949లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘ పత్రికలో వెలువడెను. పిమ్మటి దశాబ్దములలో ఆ పక్షులు ఆరేటిని విడిచిపోయినవి. మరల కొల్లేటి ప్రాంతమున ఇంత పెద్ద కొలువు తీరుటకు చాల కాలము పట్టినది.

పడవ దిగి ఉదయపు ఫలహారము చేసితిమి. ఇక తాడేపల్లిగూడెము మీదుగా ఇల్లు చేరుటయే మిగిలినది. కాని మిత్రుడు బండిని పెద్దరోడ్డు నుండి గట్టుదారికి మరలించెను. ఎందుకని మేమడుగలేదు.

ఊరిలో చిన్నాన్నగారు అరుగుపై వల అల్లుచు కూర్చుండి యున్నారు. కన్నులకు చేయి అడ్డము పెట్టుకొని చూచి, "వచ్చావుట్రా! ముందు కాళ్ళు కడుక్కో" అనిరి. పిన్నమ్మగారు లోపలినుండి వచ్చి మేనల్లుని వలె మమ్మును కూడ పలుకరించి, "చేపలు తింటారా బాబూ?" అని అడిగిరి. తిందుమనగానే ఆమె ముఖము వికసించినది. గోడపై మొలయెత్తున నీటిచారిక ఉన్నది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచిన పిదప ఆ నీరంతయు కొల్లేటికి వచ్చినప్పటి గుర్తు అది. "అక్కడ టీవీల్లో చూపించారు. ఇక్కడికొచ్చేసరికి టీవీలు లేవు, నీళ్ళే ఉన్నాయి" అని చిన్నాన్నగారు నవ్విరి.

చేదుపరిగెల వేపుడు, కొర్రమీను పులుసు. అన్నము సగములో ఉండగా పెద్దాయన తలయెత్తక చెప్పిరి: "మీ నాన్న నువ్వన్నది తప్పని ఎప్పుడూ అనలేదురా అబ్బాయ్. కొల్లేరుండాలనే అనేవాడు. చెరువు పోవాలని చెప్పినోడు, పోయినోడు రేపట్నించీ ఏం తింటాడో అది కూడా అడగాలి కదా, మావోడు ఆ ఒక్కటీ అడగలేదే అనేవాడు."

మిత్రుడు చేయి కదపలేదు. "అడగలేదు చిన్నాన్నా" అని మాత్రము అనెను. పిన్నమ్మగారు అతని కంచములో ఇంకొక ముక్క వేసిరి.

భోజనానంతరము చిన్నాన్నగారు దోనెలో మమ్ము ఆ చెరువున్న చోటికి తీసికొనిపోయిరి. తెగిన గట్టు తుంపు తుంపులుగా కిక్కిసలో మునిగియున్నది. దాని పైన నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకొనుచున్నవి. కొంత దూరమున మరొకరి క్రొత్తగట్టు ఎర్రగా మెరయుచున్నది. అది కాంటూరునకు లోపలనో వెలుపలనో చిన్నాన్నగారు చెప్పలేదు, మిత్రుడు అడుగలేదు. అతడు జేబునుండి చిన్న పుస్తకము తీసి, అలవాటు చొప్పున పక్షులను లెక్క వ్రాసికొనెను. పెద్దాయన లెక్కలో సాయము చేసిరి. తామొక్కటి తక్కువ చెప్పితిమని మరల లెక్కించిరి.

తిరుగుదారిలో ఆకివీడు వద్ద ఉప్పుటేటి వంతెనపై ఆగితిమి. ఇచటి నుండి సముద్రము వరకు సాగు ఈ ఏటిలో వరదనాడు నీరు క్రిందికి పోవును, వేసవిలో ఆటుపోటులతో ఉప్పునీరు పైకి ఎగదన్నును. పూర్వము శత్రువులు ముట్టడించిన కొల్లేటికోట చుట్టునున్న నీటిని తీయుటకే దీనిని త్రవ్విరని ఒక కథ కలదు. కథ ఎట్లున్నను, పూడికయు గుర్రపుడెక్కయు దీనిని మూసినచో పైన లంకలు మునుగును. గణపవరము దాటి తాడేపల్లిగూడెము చేరుసరికి దీపములు పెట్టిరి. ఉల్లిపాయల లారీల వెనుక చాలసేపు నిలువవలసివచ్చినది. మిత్రుడు హారను మ్రోగింపలేదు.

జంగారెడ్డిగూడెములో బండి నిలిపి, పిన్నమ్మగారిచ్చిన ఎండుచేపల మూట దింపుచు, కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర ఏ దినమున ఆరంభమగునో కనుగొని చెప్పుమని మమ్మడిగెను. ఫాల్గుణమున నని చెప్పితిమి. "అదెవరికి తెలియదు? తారీఖు కావాలి. చిన్నాన్నకి రాత్రే ఫోను చేసి చెప్పాలి" అనెను.