తుపాకి కలవాడు – అడుగువారికి చెప్పవలసిన సమాధానము
(పల్నాటి పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



కొంతకాలము క్రిందట నేను నరసరావుపేట బస్సు స్టాండులో మాచర్ల బస్సు కొఱకు వేచియుంటిని. నా ప్రక్కను ఒక వృద్ధ రైతు కూర్చుండెను. ఆయన చేతిలోని పొడవైన గుడ్డసంచిని చూచి ఒక యువకుడు, “పెద్దాయనా, అది తుపాకేనా? ఎవరి కోసం?” అని అడిగెను. చుట్టుప్రక్కల మాటలు ఆగిపోయినవి. రైతు నవ్వి, “మనిషి కోసం కాదు నాయనా. మా చేను అడవి పక్కన. పందులు పడుతుంటే బెదరగొట్టటానికి. లైసెన్సు పొడిగించాలంటే చూపించమన్నారు, తెచ్చాను” అనెను. ఆగిన మాటలు మరల సాగినవి.

ఆయన “నీకెందుకు?” అని గద్దించియుండిన ఏమగును? పల్నాటిలో తుపాకినిగూర్చిన ప్రశ్న వట్టి కుతూహలము కాదు. దాని వెనుక భయము గలదు. పార్టీ కక్షలవలన ఊళ్లు విడిచిన కుటుంబములను మీరెరుగుదురు. 2024 మే 13వ తేదీ పోలింగునాడు, ఆ తరువాత ఇచ్చట జరిగిన ఘర్షణలను దేశమంతయు చూచినది. కావున అడిగినవానిపై కోపము తగదు.

ఇక చట్టము మాట. తుపాకి ఉంచుకొనుట మన దేశమున హక్కు కాదు. 1959 నాటి ఆయుధముల చట్టము క్రింద లభించు అనుమతి మాత్రమే. దారిని పోవువాడు అడిగినచో లైసెన్సు చూపవలెనను నిర్బంధము లేదు. మర్యాదగా ఒక్క మాట చెప్పిన చాలును. తుపాకిని మాత్రము పరుల చేతికీయరాదు. పిల్లలు ముచ్చటపడినను ఈయరాదు. పోలీసు అధికారి అడిగినపుడు సంగతి వేరు. లైసెన్సు చూపియే తీరవలెను. చూపనిచో పేరు, చిరునామా అడుగుటకును, ఆయుధమును స్వాధీనపరచుకొనుటకును ఆయనకు అధికారము కలదు.

“లైసెన్సున్నది గదా, భుజమున వేసికొని తిరిగిన తప్పేమి?” అని కొందరు అడుగుదురు. తప్పే. 2016 నాటి నియమముల ప్రకారము బహిరంగ స్థలమున తుపాకిని ఒరలోనో సంచిలోనో పూర్తిగా కప్పి, తన అదుపులో ఉంచుకొని తీసికొనిపోవలెను. తిరునాళ్లకు, ఊరేగింపులకు, సభలకు, పాఠశాల ఆవరణలోనికి తీసికొనిపోరాదు. అనగా కోటప్పకొండ తిరునాళ్లకును, మీ గ్రామసభకును గూడ తేరాదు. పెండ్లి ఊరేగింపులో సంబరమునకై కాల్చి ఇతరుల ప్రాణమునకు అపాయము కలిగించినచో, 2019 సవరణ ప్రకారము రెండేండ్లవరకు జైలు, లక్ష రూపాయలవరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. పంట కాపుదల లైసెన్సు వేటకు అనుమతి కాదని గూడ రైతులకు తెలుపుడు.

సభ్యులారా, మీ బాధ్యత మరింత పెద్దది. లైసెన్సు లేని తుపాకి ఊరిలో ఉన్నదని తెలిసియు ఊరకుండుట చట్టరీత్యా తప్పు; సమీప పోలీసు స్టేషనుకు తెలియజేయవలెను. “మనవాడే గదా” యని కప్పిపుచ్చినచో రేపు ఆ గుండు ఎవరికి తగులునో చెప్పలేము. ఎన్నికల వేళ ఆయుధములను అప్పగింపుడని ఉత్తర్వు వచ్చినపుడు, లైసెన్సుగల సభ్యుడే మొదట అప్పగించి రసీదు తీసికొనవలెను. అది పరువు తక్కువ కాదు. నాయకుడు ముందు నడచిన ఊరు వెనుక నడచును.

కారెంపూడిలో ఏటేట వీరుల ఉత్సవము జరుగును. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధమున పడిన వీరుల గుర్తుగా కొణతములను ఆచారవంతులు తెచ్చి నాగులేటిలో స్నానము చేయించి పూజింతురు. మందపోరునాడు చాపకూడు సాగును. ఏ ఆయుధములు అన్నదమ్ములను వేరుచేసినవో వానినే మ్రొక్కి, ఒకే చాపపై కూర్చుండి భుజించుట మన పెద్దలు మిగిల్చిన బుద్ధి.

కావున అపరిచితుడు అడిగినపుడు విసుగుకొనక, “ఇది లైసెన్సుగల తుపాకి, దీనివలన నీకు భయము లేదు” అని చెప్పగలుగునట్లు మీ ఊరిలోని లైసెన్సుదారులకు నేర్పుడు. ఆ మాట నిజమగునట్లు ఊరిని తీర్చిదిద్దుకొనుడు. సెలవు.