అధ్యక్షుని చేతిలోని తపాలా కచేరీలు
(పఠన మందిరమున గావించిన ఉపన్యాస పాఠము)

అమెరికా సంయుక్త రాష్ట్రముల రాజ్యాంగమున రాజకీయ పక్షముల ప్రస్తావనయే లేదు. రాష్ట్రములలోని పక్ష వ్యవహారములపై అధ్యక్షునికి అణుమాత్రమైనను అధికార మొసగబడలేదు. అయినను ఇరువదవ శతాబ్ద్యారంభమున వాషింగ్టనులో కూర్చున్న అధ్యక్షుడు దూర రాష్ట్రముల పక్షములను తన యిచ్ఛకు త్రిప్పజూచెను. ఏ యాయుధముతో? పోస్టుమాష్టరు ఉద్యోగముతో!

పెద్ద తపాలా కచేరీలకును, సుంకపు కచేరీలకును అధికారులను సెనేటు సమ్మతితో ఆయనయే నియమించెడివాడు. ఆ ప్రాంతపు స్వపక్ష సభ్యుని సిఫారసును పాటించుట ఆచారము. సిఫారసు చెల్లిన సభ్యునికి ఊరూర అనుచరులు లభింతురు. చెల్లనివాని గుమ్మము త్రొక్కువా రుండరు. 1909 నాటి సుంకముల చట్టము నెదిరించిన స్వపక్షీయులపై అధ్యక్షుడు టాఫ్టు పగబూనెను. వారి సిఫారసులను త్రోసిపుచ్చెను. ఇది ప్రతిపక్షుల నింద కాదు. 1910 సెప్టెంబరులో ఆయన కార్యదర్శి వ్రాసిన లేఖలోనే యీ సంగతి ఒప్పుకొనబడినది. ఫలమేమి? ఆ తిరుగుబాటుదారులలో ముఖ్యుడగు లాఫాలెటును విస్కాన్సిను రిపబ్లికను ఓటర్లు ఆ నెలలోనే అఖండమైన మెజారిటీతో తమ సెనేటు అభ్యర్థిగా నిలిపిరి. అచట అభ్యర్థిని నిర్ణయించునది సామాన్య ఓటరు. వానికి పోస్టుమాష్టరు పని అక్కర లేదు.

దక్షిణ రాష్ట్రముల తీరు వేరు. అచట రిపబ్లికను పక్షమునకు బలమైన నల్లజాతివారి ఓటుహక్కును ఆ రాష్ట్రములు కుటిల నిబంధనలతో హరించివైచెను. ఓటర్లు పోయిరి, పక్షము పేరు మాత్రము మిగిలెను. ఆ పేరును నిలుపుకొనినవారిలో పెక్కురు సర్కారు ఉద్యోగులును, ఉద్యోగార్థులును. అయినను పక్ష మహాసభకు ప్రతినిధుల సంఖ్య పక్షమునకు వచ్చిన ఓట్లను బట్టి కాక, రాష్ట్రమునకు గల అధ్యక్ష నిర్వాచకుల సంఖ్యకు రెట్టింపుగా నుండెడిది. ఈ కీలు నెరిగిన రూజ్వెల్టు 1908లో దీనితోనే టాఫ్టును గద్దె నెక్కించెను. 1912లో అదే కీలు తనకు ఎదురు తిరుగగా ‘దొంగతన’ మని కేకలు వేసెను! ఆ కేకలో సత్యము లేదనను గాని, నేర్పిన గురువు ఎవరో మరువరాదు.

ఆ యేట ఓటర్లే ప్రతినిధుల నెన్నుకొనిన రాష్ట్రములలో రూజ్వెల్టుకు 278 మంది, టాఫ్టుకు 48 మంది లభించిరి. టాఫ్టు సొంత రాష్ట్రమగు ఒహాయో సైతము రూజ్వెల్టునే వరించెను. చికాగో మహాసభకు ముందు 254 స్థానములపై తగాదా వచ్చెను. విచారించినది 1908 నాటి పాత జాతీయ సంఘము. అందు అధికసంఖ్యాకులు టాఫ్టు వారే. వాది గుమాస్తా న్యాయపీఠ మెక్కిన తీర్పెట్లుండునో న్యాయవాదులకు చెప్పనక్కర లేదు: 235 టాఫ్టుకు, 19 రూజ్వెల్టుకు. టాఫ్టు 561 ఓట్లతో అభ్యర్థి యయ్యెను. రూజ్వెల్టు వేరు పక్షము పెట్టెను.

నవంబరులో డెమోక్రాటు విల్సనుకు 435 నిర్వాచక ఓట్లు, రూజ్వెల్టుకు 88, గద్దెమీదనున్న టాఫ్టుకు 8. దక్షిణ కరొలీనా నుండి చికాగోకు వచ్చిన ప్రతినిధులు 18 మంది. వారిలో అత్యధికులు టాఫ్టుకే ఓటు వేసిరి. ఆ రాష్ట్రమంతట నవంబరు ఎన్నికలో టాఫ్టుకు పడిన ఓట్లు 536.