పది ఎన్నికలు, ఏడు గెలుపులు, మన చందా పుస్తకం

(రావికమతంలో జరిగిన వార్షిక సమావేశంలో సంఘం కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సమయానికి జమాఖర్చులు చదివి వినిపించడం మన ఆనవాయితీ. ఈసారి ఆ పని కార్యదర్శి గారు ముందే పూర్తి చేశారు. లెక్కలన్నీ ఈ సంచికలోనే వెనక పేజీల్లో ఉన్నాయి, తీరిగ్గా చూసుకోండి. మేం ఈరోజు వేరే సంగతి మాట్లాడదలిచాం. అది రాజకీయంలా వినిపిస్తుంది. ఈ వేదిక మీద రాజకీయం ఏమిటని కొందరు పెద్దలు ముఖం చిట్లిస్తారేమో కూడా. అయినా చెప్పక తప్పని పరిస్థితి వచ్చింది.

2024 జూన్ నుంచి చందా పుస్తకం పట్టుకుని ఎవరింటికి వెళ్లినా ఒకటే మాట వింటున్నాం. "నర్సీపట్నం ఎమ్మెల్యే గారు స్పీకర్ అయ్యారు కదా, ఇంక మీకేం తక్కువ? నలుగురూ వెళ్లి ఒక శాలువా కప్పి రండి, షాదీఖానా శాంక్షనైపోతుంది. మేమిచ్చే వెయ్యీ రెండు వేలూ దేనికి?" అంటున్నారు. నవ్వుతూ అన్నవాళ్లున్నారు, నిజంగానే పర్సు తీయకుండా పంపేసిన వాళ్లూ ఉన్నారు. వాళ్లను తప్పుపట్టడం లేదు. మన ప్రాంతపు మనిషి అంత పెద్ద పీఠం మీద కూర్చుంటే ఆశ పుట్టడం సహజం. కానీ ఆ పీఠం ఏమిటో, ఆయన అక్కడిదాకా ఎలా వెళ్లారో ఒకసారి చూస్తే మీ ప్రశ్నకు జవాబు దానంతటదే దొరుకుతుందని మా నమ్మకం.

చింతకాయల అయ్యన్నపాత్రుడు గారు 1957 సెప్టెంబరు 4న పుట్టారు. శాసనసభకు పోటీ చేయాలంటే రాజ్యాంగం ప్రకారం ఇరవై అయిదేళ్లు నిండాలి. 1983 జనవరి ఎన్నికల నాటికి ఆయనకు ఆ వయసు నిండి నాలుగు నెలలే అయింది. ఇంకో అర్ధ సంవత్సరం ముందు ఎన్నికలు వచ్చి ఉంటే నామినేషనే చెల్లేది కాదు. 1982 మార్చిలో ఎన్.టి. రామారావు గారు పెట్టిన తెలుగుదేశం తొమ్మిది నెలల్లో అధికారంలోకి వచ్చింది. ఆ ఊపులో అసెంబ్లీకి వెళ్లిన కుర్రాళ్లలో ఈయన ఒకరు. 1984 ఆగస్టులో రామారావు గారిని దించేయడం, నెల తిరిగేసరికి మళ్లీ గద్దెనెక్కించడం పెద్దలందరికీ జ్ఞాపకమే. 1985 మార్చిలో మధ్యంతర ఎన్నికలొచ్చాయి, మళ్లీ గెలిచారు. ముప్పై ఏళ్లు నిండకముందే సాంకేతిక విద్యాశాఖ మంత్రిగా పనిచేశారు.

ఇక్కడిదాకా వింటే గెలుపు ఆయన ఇంటి పేరేమో అనిపిస్తుంది. 1989లో ఓడిపోయారు. ఆ ఏడు రాష్ట్రమంతా గాలి కాంగ్రెస్ వైపు వీచింది, నర్సీపట్నం కూడా అటే పోయింది. అయిదేళ్లు ఆగి 1994లో మళ్లీ గెలిచారు, రోడ్లు భవనాల శాఖ మంత్రి అయ్యారు. 1996లో అనకాపల్లి నుంచి లోక్‌సభకు వెళ్లారు. ఆ లోక్‌సభ అయిదేళ్లు బతకలేదు, 1997 డిసెంబరులోనే రద్దయింది. 1999లో తిరిగి అసెంబ్లీకి వచ్చారు, ఆ ప్రభుత్వంలో అటవీ శాఖ చూశారు.

2004 ఎన్నికలను మాత్రం వేరుగా చెప్పుకోవాలి. 294 స్థానాల సభలో తెలుగుదేశానికి ఆ ఏడు దక్కినవి 47. మంత్రులుగా చేసినవాళ్లు, తిరుగులేదనుకున్నవాళ్లు ఎందరో కొట్టుకుపోయారు. ఆ ప్రవాహంలో ఈయన నిలబడ్డారు. గాలికి గెలిచేవాళ్లు చాలామంది ఉంటారు. ఎదురుగాలిలో నెగ్గాలంటే ఊరూరా సొంత మనుషులు ఉండాలి. ఆయన రాజకీయం నచ్చనివాళ్లు కూడా ఈ మాట ఒప్పుకుంటారు.

మరి అదే మనిషి 2009లో ఓడిపోయారు. కాంగ్రెస్ అభ్యర్థి బోళెం ముత్యాలపాప గారు గెలిచారు. 2014లో మళ్లీ ఈయన. పంచాయతీరాజ్ శాఖ, 2017 తర్వాత రోడ్లు భవనాల శాఖ. 2019లో పెట్ల ఉమాశంకర గణేష్ గారి చేతిలో ఓటమి, అదీ ఇరవై వేలకు పైగా తేడాతో. 2024లో అదే ప్రత్యర్థి మీద ఇరవై వేలకు పైగా తేడాతోనే గెలుపు. అయిదేళ్ల దూరంలో అదే ఊరు, అదే ఇద్దరు మనుషులు. త్రాసు అటు ఎంత మొగ్గిందో ఇటూ ఇంచుమించు అంతే మొగ్గింది.

అసెంబ్లీకి పదిసార్లు పోటీ చేస్తే ఏడుసార్లు గెలుపు, మూడుసార్లు ఓటమి. ఒకే పార్టీ, ఒకే నియోజకవర్గం. నలభై ఏళ్లకు పైబడిన ఈ ప్రయాణం తర్వాత 2024 జూన్ 22న ఆయన ఏకగ్రీవంగా స్పీకర్ అయ్యారు. ఉత్తరాంధ్ర నుంచి ఆ కుర్చీకి వెళ్లినవాళ్లు ముందూ ఉన్నారు. 1983లో తంగి సత్యనారాయణ గారు, 1999లో ప్రతిభా భారతి గారు, 2019లో తమ్మినేని సీతారాం గారు. మన అనకాపల్లి, నర్సీపట్నం వైపు వాళ్లకు ఈసారి సొంతింటి పెళ్లిలా అనిపించింది. మాకూ సంతోషమే, దాచుకునేదేమీ లేదు.

ఇప్పుడు ఆ కుర్చీ సంగతి చూద్దాం. మంత్రికి శాఖ ఉంటుంది, బడ్జెట్ ఉంటుంది, ఫైలు మీద సంతకం ఉంటుంది. స్పీకర్‌కు ఉండేది సభ. రాజ్యాంగంలోని 178వ అధికరణం ప్రకారం సభ్యులే ఆయన్ను ఎన్నుకుంటారు. మామూలుగా ఆయన ఓటు కూడా వేయరు, రెండు పక్షాలకూ సమానంగా ఓట్లు పడినప్పుడు మాత్రమే వేస్తారని 189వ అధికరణం చెబుతుంది. ఎవరు ఎంతసేపు మాట్లాడాలి, ఏ బిల్లు ఎప్పుడు చర్చకు రావాలి, ఫిరాయించిన సభ్యుడి మీద వేటు వేయాలా వద్దా అనేవి ఆయన చేతిలో ఉంటాయి. ప్రస్తుత సభలో 11 మంది సభ్యులున్న పక్షం ప్రతిపక్ష హోదా కోరితే ఆ పేచీ కూడా ఆయన ముందుకే వచ్చింది. ఇవన్నీ చిన్న విషయాలు కావు. కానీ ఇందులో షాదీఖానా ఎక్కడుంది? షాదీఖానా ఫైలు మైనారిటీ సంక్షేమ శాఖలో కదలాలి.

అలాంటి పీఠం విలువ మనవాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. శాసనమండలి చైర్మన్లుగా ఎన్.ఎం.డి. ఫరూక్ గారు, ఆ తర్వాత ఎం.ఎ. షరీఫ్ గారు కూర్చున్నారు. 2020 జనవరిలో రాజధాని బిల్లులు మండలికి వచ్చినప్పుడు షరీఫ్ గారు విచక్షణాధికారంతో వాటిని సెలెక్ట్ కమిటీకి పంపిన రోజు టీవీల ముందు మనమంతా కదలకుండా కూర్చున్నాం. మెచ్చుకున్నవాళ్లు మెచ్చుకున్నారు, తిట్టినవాళ్లు తిట్టారు. ఆయన ఆ రోజు నరసాపురానికి రోడ్డు వేయించలేదు. సభ నడిపే మనిషిగా ఒక నిర్ణయం తీసుకున్నారు. పీఠం పని అది.

ఇంకో సంగతి. దీన్ని చాలామంది దాతలు, ముఖ్యంగా బయట ఊళ్లలో స్థిరపడ్డవాళ్లు, పొరబడుతున్నారు. రావికమతం మండలం నర్సీపట్నం రెవెన్యూ డివిజన్‌లో ఉంది. ఆర్డీవో గారి సంతకం కావాలంటే నర్సీపట్నమే వెళ్తాం, అది నిజమే. కానీ మన ఓటు నర్సీపట్నంలో లేదు. నర్సీపట్నం, గొలుగొండ, మాకవరపాలెం, నాతవరం మండలాలు ఆ నియోజకవర్గం. మనది చోడవరం. చోడవరం, బుచ్చెయ్యపేట, రావికమతం, రోలుగుంట మండలాలు కలిసి ఒక సీటు. అంటే స్పీకర్ గారు మన ఎమ్మెల్యే కారు. ఆయన గుమ్మం ముందు మనం నిలబడితే ఆయన మర్యాదగా కుర్చీ వేయించి, "మీ ఎమ్మెల్యే గారి ద్వారా పంపించండి" అంటే అందులో తప్పేముంది?

నర్సీపట్నం చరిత్రలో ఉన్న ఒడిదుడుకులే చోడవరంలోనూ ఉన్నాయి. 2009లో అక్కడ తెలుగుదేశం ఓడితే ఇక్కడ అదే పార్టీ నుంచి కె.ఎస్.ఎన్.ఎస్. రాజు గారు గెలిచారు. 2014లోనూ ఆయనే. 2019లో కరణం ధర్మశ్రీ గారు. 2024లో మళ్లీ రాజు గారు. 2014లో ఇక్కడ గెలిచినవారికీ ఓడినవారికీ మధ్య తేడా వెయ్యి ఓట్లు కూడా లేవు. లక్షన్నరకు పైగా ఓట్లు పోలైన చోట అంత సన్నటి గీత! "మన ఓట్లెన్ని, మనల్నెవరు పట్టించుకుంటారు" అని నిట్టూర్చేవాళ్లు ఈ అంకెను ఇంటికి వెళ్లేటప్పుడు గుర్తుపెట్టుకుని వెళ్లండి.

ఇప్పుడు మా తప్పు ఒకటి మేమే ఒప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట ఖబరస్తాన్ ప్రహరీ కోసం ఒక నాయకుడి మాట పట్టుకుని తిరిగాం. ఎవరు, ఏ పార్టీ అనేది ఇక్కడ అనవసరం. ఆయన మంచి మనసుతోనే మాట ఇచ్చి ఉంటారు. "నేను చేయిస్తాను, మీరు చందాలు ఎత్తకండి" అన్నారు. మేం నిజంగానే ఎత్తడం మానేశాం. కొలతలు తీశారు, ఫొటోలు తీశారు, రెండు వానాకాలాలు గడిచాయి. పశువులు లోపలికి వచ్చి సమాధుల మీద మేస్తుంటే మేం కర్రలు పట్టుకుని కాపలా కాశాం. ఎన్నికలొచ్చాయి, ఆయన ఓడిపోయారు. కొత్తగా వచ్చినవారికి మేం "అవతలి వాళ్ల మనుషులం" అయిపోయాం, ఎందుకంటే అన్నేళ్లూ ఆ గుమ్మం ముందే కనిపించాం కదా. ఆఖరికి ఆ గోడ కట్టింది ఈ సభలో కూర్చున్న మీరే. ఇటుకల లారీ ఒకరు, సిమెంటు ఇంకొకరు, కూలి డబ్బులు గల్ఫ్‌లో ఉన్న మన పిల్లలు ఇచ్చారు. రెండు వానాకాలాల ఆలస్యం మాత్రం మా ఖాతాలోదే.

ఏడుసార్లు గెలిచిన మనిషికే మూడుసార్లు ఓటమి తప్పలేదు. ఆయన ఓడిన అయిదేళ్లూ ఆయన మీద ఆశపెట్టుకున్న ప్రతి పనీ ఆగి ఉంటుంది. నాయకుడికి ఓటమి తట్టుకునే గుండె ఉంటుంది, కేడర్ ఉంటుంది, మళ్లీ వచ్చే ఎన్నిక ఉంటుంది. నెలకోసారి మన దగ్గర బియ్యం తీసుకెళ్లే బేవా తల్లికి వచ్చే ఎన్నిక దాకా ఆగమని ఎలా చెబుతాం?

పైగా సర్కారు డబ్బూ మీ డబ్బూ ఒకే పనికి వచ్చేవి కావు. జకాత్ సొమ్ము ఎవరికి చెందాలో షరియత్‌లో నిర్ణయమై ఉంది. దాన్ని గోడలకూ స్లాబులకూ పెట్టరాదని ఉలమా చెబుతూనే ఉన్నారు. అందుకే మన దగ్గర జకాత్ ఖాతా వేరు, సదకా ఖాతా వేరు. అటువైపు చూస్తే, ఎంపీ గారికి ఏటా 5 కోట్ల నియోజకవర్గ అభివృద్ధి నిధి ఉంటుంది, కానీ ప్రార్థనా స్థలాలకు దాన్ని వాడరాదని నిబంధన. రోడ్డు, కాలువ, వీధి దీపం, నీటి ట్యాంకు సర్కారును అడగాల్సినవి. పన్ను కడుతున్నాం, హక్కుగా అడుగుదాం. డయాలసిస్‌కు విశాఖ వెళ్లే మనిషి బస్సు చార్జీ, ఇంటర్ చదివే అమ్మాయి ఫీజు, రంజాన్ రేషన్ ఏ జీవోలోనూ రావు. అవి మీ జేబులోంచే రావాలి.

అలాగని నాయకులకు దూరంగా ఉందామని మేం అనడం లేదు. స్పీకర్ గారిని అభినందించడానికి వెళ్తాం, తప్పకుండా వెళ్తాం. మన ఎమ్మెల్యే గారినీ ఎంపీ గారినీ కలుస్తాం. గెలిచినవారితోపాటు ఓడినవారికీ ఈద్ ములాఖాత్‌కు పిలుపు పంపాలని కార్యవర్గం తీర్మానించింది. వేదిక మీద ఏ పార్టీ కండువా ఉండదు, ఫ్లెక్సీలో ఎవరి ఫొటో ఉండదు. దీని మీద మా కుర్రాళ్లలో కొందరికి కోపం వచ్చింది, రానివ్వండి.

అడగాల్సింది కాగితం మీద అడుగుదాం. మండలంలో ఎంపీడీవో, తహసీల్దార్, ఆపైన నర్సీపట్నం ఆర్డీవో, అనకాపల్లి కలెక్టరేట్. సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇస్తే రసీదు ఇస్తారు, నంబరు ఉంటుంది. ఎమ్మెల్యే మారినా ఆ నంబరు మారదు. షాదీఖానా అర్జీ ఆ దారిలోనే పెడుతున్నాం, నకలు బయట బల్ల మీద ఉంది, చదివి సంతకం చేయండి.

ఆ బల్ల పక్కనే మన కుర్రాళ్లు ఇద్దరు ఓటరు జాబితాతో కూర్చున్నారు. పద్దెనిమిదేళ్లు నిండిన పిల్లలకు ఫారం 6. పెళ్లయి ఈ ఊరు వచ్చిన కోడళ్లు పుట్టింటి ఓటును ఇక్కడికి మార్చుకోవడానికి ఫారం 8. ఇదివరకులా జనవరి ఒకటి దాకా ఆగక్కర్లేదు, ఏడాదిలో నాలుగు తేదీలు పెట్టారు. ఎవరికి ఓటు వేయాలో వాళ్లు చెప్పరు, చెబితే మాకు చెప్పండి. రసీదు పుస్తకం మాత్రం మూడో కుర్చీలో కోశాధికారి గారి దగ్గర ఉంది. జకాత్‌ది ఆకుపచ్చ అట్ట, సదకాది తెల్ల అట్ట. ఏ ఖాతాకో ముందే చెప్పి ఇవ్వండి. అసర్‌కు ఇంకా అరగంట టైముంది.