అమ్మానాయనతో చలికాలం యూరప్: అపార్ట్‌మెంట్ ఎట్లా ఎంచుకోవాల?

మైదుకూరు నుంచి ఇంకో ఎపిసోడ్‌తో వచ్చేసినా. మీలో చానా మంది అడిగేది ఒకటే: "బ్రో, క్రిస్మస్ సెలవులకు ఇంట్లోవాళ్లను యూరప్ తీసుకుపోవాలనుకుంటున్నా. హోటల్ తీసుకోవాలా, అపార్ట్‌మెంట్ తీసుకోవాలా?"

ఈ ప్రశ్న చిన్నది కాదు. మన పక్క చాలా ఇళ్లలో అమ్మానాయనకు ఇదే మొదటి విదేశీ ప్రయాణం. పసుపు అమ్మిన డబ్బులో, కొడుకు జీతంలో మిగిలిన డబ్బులో పెట్టి పోతారు. మళ్లీ మళ్లీ పోయేది కాదు. బ్రహ్మంగారి మఠానికి పోతే సత్రంలో చాప పరుచుకుని పడుకోవచ్చు. సున్నా డిగ్రీల చలిలో, భాష రాని ఊర్లో, మోకాళ్ల నొప్పులున్న అమ్మను పక్కన పెట్టుకుని తాళంచెవి కోసం వెతకడం వేరే సంగతి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నలుగురు మనుషులు, 10 రాత్రులు. ప్రాగ్‌లో 3, వియన్నాలో 4, బుడాపెస్ట్‌లో 3. ప్రాగ్ నుంచి వియన్నాకు రైల్లో సుమారు 4 గంటలు, అక్కడి నుంచి బుడాపెస్ట్‌కు రెండున్నర గంటల పైమాట. పెద్దవాళ్లు తట్టుకోగల ప్రయాణమే.

మొదట వీసా. గది కంటే ముందు వీసా ఏంటి అంటారేమో, రెండూ ముడిపడి ఉన్నాయి. షెంగెన్ వీసాకు ఏ దేశంలో ఎక్కువ రాత్రులు ఉంటారో ఆ దేశానికే అప్లై చేయాల. మన ఉదాహరణలో వియన్నాలో 4 రాత్రులు కాబట్టి ఆస్ట్రియాకు. అన్ని దేశాల్లో సమానంగా ఉంటే, మొదట అడుగుపెట్టే దేశానికి. అందుకే రాత్రుల లెక్క తేలిన తర్వాతే బుకింగ్. అప్లికేషన్‌లో ప్రతి రాత్రికీ ఎక్కడ ఉంటారో చూపించాల. పెద్దవాళ్లకు ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు, వీసా రాకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. కనీసం 30,000 యూరోల కవర్ ఉన్న ఇన్సూరెన్స్ కూడా ఉండాల. కాబట్టి వీసా వచ్చేదాకా ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న గదులే బుక్ చేయండి. "డమ్మీ బుకింగ్ ఇస్తాం" అనే ఏజెంట్ల మాట వినొద్దు. కాన్సులేట్ వాళ్లు చెక్ చేసినప్పుడు ఆ బుకింగ్ లేకపోతే, నష్టం మీకే గాని ఏజెంట్‌కు కాదు. ఇంకోమాట, ఐర్లాండ్‌లో చదువుకునే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఐర్లాండ్ షెంగెన్‌లో లేదు. అమ్మానాయన మీ దగ్గరికి ఐరిష్ వీసా మీద వచ్చినా, ఈ ట్రిప్‌కు వేరే వీసా కావాల.

రెండోది, లెక్క. అపార్ట్‌మెంట్‌లో రోజు అద్దె మీద క్లీనింగ్ ఫీజు ఒకటి పడుతుంది. అది 60 యూరోలు అనుకోండి. 2 రాత్రులుంటే రాత్రికి 30, 5 రాత్రులుంటే 12. అందుకే నా లెక్క ఇట్లా: ఒక ఊర్లో 3 రాత్రులకు తక్కువైతే హోటల్, 3 లేదా అంతకంటే ఎక్కువైతే అపార్ట్‌మెంట్ గురించి ఆలోచించొచ్చు. యాప్‌లో మొదట కనిపించే రేటు చూసి మురిసిపోవద్దు. అన్నీ కలిపిన మొత్తం చూడండి, ఊరి టూరిస్ట్ పన్ను విడిగా కట్టాలేమో కూడా చూడండి.

మూడోది, మెట్లు. యూరప్‌లో పాత భవనాలు ఫోటోల్లో ఎంతో అందంగా ఉంటాయి, కానీ చాలావాటికి లిఫ్ట్ ఉండదు. వియన్నాలో ఇంకో చిక్కుంది. పాత భవనాల్లో గ్రౌండ్ ఫ్లోర్‌కూ మొదటి అంతస్తుకూ మధ్య హోఖ్‌పార్టెర్, మెజానిన్ అని అదనపు అంతస్తులు ఉండొచ్చు. కాగితం మీద "1వ అంతస్తు" అని రాసున్నది మన లెక్కలో మూడోది కావచ్చు. "ఎన్నో అంతస్తు" అని అడగొద్దు. "వీధి తలుపు నుంచి ఇంటి తలుపుకు ఎన్ని మెట్లు ఎక్కాల? లిఫ్ట్ ఉంటే, దాని దగ్గరికి పోవడానికి ఎన్ని మెట్లు?" అని అడగండి. రాతపూర్వకంగా, యాప్ మెసేజ్‌లోనే అడగండి. రేపు తేడా వస్తే అదే మీకు ఆధారం.

నాలుగోది, చలి. మైదుకూరులో డిసెంబర్‌లో తెల్లవారుజామున స్వెటర్ చాలు. అక్కడ ఇంట్లో హీటింగ్ సరిగా లేకపోతే ట్రిప్ అయిపోయినట్టే. చాలా ఇళ్లలో కిటికీ కింద రేడియేటర్ ఉంటుంది, దాని మీద 1 నుంచి 5 దాకా అంకెలున్న తిప్పుడు బిళ్ల ఉంటుంది. 3 దగ్గర పెడితే గది సుమారు 20 డిగ్రీలకు వస్తుంది. 5లో పెడితే తొందరగా వేడెక్కదు, ఎక్కువ వేడిదాకా పోతుంది, అంతే. గాలి కోసం కిటికీ రోజంతా కొంచెం తెరిచి పెట్టొద్దు. 5 నిమిషాలు పూర్తిగా తెరిచి మూసేయండి. రివ్యూల్లో జూలై, ఆగస్టువి పక్కన పెట్టి, డిసెంబర్, జనవరి, ఫిబ్రవరిలో ఉన్నవాళ్లు రాసినవి వెతికి చదవండి. వేసవిలో 5 స్టార్లు ఇచ్చిన మనిషికి హీటర్ సంగతి ఏం తెలుస్తుంది?

ఐదోది, చోటు. డిసెంబర్ చివర్లో ప్రాగ్‌లో, వియన్నాలో సాయంత్రం 4 గంటలకే పొద్దు మునుగుతుంది. "సిటీ సెంటర్‌కు 2 కిలోమీటర్లు" అన్న మాట మనకు అక్కర్లేదు. ట్రామ్ స్టాప్‌కో మెట్రోకో ఎన్ని నిమిషాల నడక, రైల్వే స్టేషన్ నుంచి పెట్టెలతో ఎన్నిసార్లు మారాల, అది చూడండి. మ్యాప్‌లో స్ట్రీట్ వ్యూ తెరిచి, ఆ దారిలో మీ అమ్మ నడవగలదా అని ఒకసారి చూడండి.

ఆరోది, వంటగది. మనవాళ్లు అపార్ట్‌మెంట్ అడిగేదే దీనికోసం. నాయనకు మూడోరోజుకే అన్నం, పప్పు గుర్తొస్తాయి. కొన్ని సంగతులు గుర్తుపెట్టుకోండి. చాలా ఇళ్లలో ఇండక్షన్ పొయ్యి ఉంటుంది, మామూలు అల్యూమినియం కుక్కర్ దాని మీద పనిచేయదు. పాత్ర అడుగుకు అయస్కాంతం అతుక్కుంటేనే పనికొస్తుంది. ఎండుమిరపకాయల తాలింపు ఘాటుకు పొగ అలారం మోగే అవకాశం ఉంది, కిటికీ తెరిచి తక్కువ మంట మీద చేయండి. ఇక్కడి నుంచి పొడులు తీసుకుపోండి. కానీ నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు వద్దు. పాల పదార్థాలు, మాంసం బయటి దేశాల నుంచి సామాన్లలో తేవడాన్ని యూరోపియన్ యూనియన్ నిషేధించింది. పచ్చి కరివేపాకు కూడా వద్దు.

క్రిస్మస్ రోజుల్లో ఇంకో కష్టం. మనకు పండగ అంటే బజారు కళకళలాడాల. అక్కడ డిసెంబర్ 24 మధ్యాహ్నం నుంచి బజారు మూత. 25, 26 సెలవులు. చెక్ దేశంలో పెద్ద దుకాణాలు ఆ రెండు రోజులు చట్టప్రకారమే మూసేస్తారు. బుడాపెస్ట్‌లో 24 మధ్యాహ్నం తర్వాత బస్సులు, ట్రామ్‌లు కూడా బాగా తగ్గిపోతాయి. కాబట్టి 23కే బియ్యం, పాలు, కూరగాయలు తెచ్చి ఇంట్లో పెట్టుకోండి. 24న ఊరు మారే ప్లాన్ పెట్టుకోవద్దు. ఈ మూడు రోజులే అపార్ట్‌మెంట్ విలువ తెలిసేది. బయట అంతా మూసున్నా, ఇంట్లో వేడి అన్నం ఉంటుంది.

ఏడోది అందరూ వదిలేసేది: ఆ ఇల్లు చట్టబద్ధమా? అక్కడి ఊర్లలో ఇదొక పెద్ద గొడవ. ఇళ్లన్నీ టూరిస్టులకు పోతే, ఊరోళ్లకు అద్దెకు ఇళ్లు దొరకడం లేదు, దొరికినా రేట్లు అందడం లేదు. బార్సిలోనాలో 10,101 టూరిస్ట్ ఫ్లాట్ల లైసెన్సులు 2028 నవంబర్ తర్వాత కొనసాగించబోమని 2024లో మేయర్ ప్రకటించినాడు. బుడాపెస్ట్‌లో ఓపెరా హౌస్ ఉండే 6వ జిల్లా, 2024లో అక్కడివాళ్ల ఓటు తీసుకుని, 2026 జనవరి 1 నుంచి ఇట్లాంటి అద్దెలు వద్దని తీర్మానించింది. వియన్నాలో 2024 జూలై నుంచి ఏడాదికి 90 రోజులు దాటి ఇస్తే ప్రత్యేక అనుమతి కావాల. బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో అద్దె ఇంటి కోసం తిరిగిన మనకు వాళ్ల బాధ అర్థం కాకుండా ఉంటుందా?

మనకు దీంతో పనేంటంటే, అనుమతి లేని ఇల్లయితే ప్రయాణానికి వారం ముందు రద్దయ్యే ప్రమాదం ఉంది. అప్పటికి క్రిస్మస్ రేట్లు ఆకాశంలో ఉంటాయి. పేజీలో రిజిస్ట్రేషన్ నంబర్ ఉందా చూడండి. లేకపోతే హోస్ట్‌ను అడగండి. జవాబు చుట్టూ తిప్పితే వదిలేయండి. "యాప్ బయట డబ్బు పంపితే డిస్కౌంట్ ఇస్తా" అంటే ఇంకేం ఆలోచించొద్దు, వదిలేయండి.

చివరిగా తాళంచెవి. చెక్ ఇన్ సాధారణంగా మధ్యాహ్నం 3కి. మీరు పొద్దున 7కే దిగితే, పెట్టెలతో 8 గంటలు చలిలో ఏం చేస్తారు? సామాను పెట్టుకునే వీలుందా, లేకపోతే స్టేషన్ లాకర్ ఎక్కడ, ముందే చూసుకోండి. తాళం మనిషి ఇస్తాడా, కోడ్ పెట్టెలో ఉంటుందా అడగండి. కోడ్ అయితే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, నెట్ లేకపోయినా కనిపించాల.

నా మాట ఇదీ. మెట్లు ఎక్కలేని పెద్దవాళ్లుండి, లిఫ్ట్ సంగతి తేలకపోతే, అపార్ట్‌మెంట్ ఎంత చవకైనా హోటల్‌కే పోండి. లిఫ్ట్, హీటింగ్, రిజిస్ట్రేషన్ నంబర్ మూడూ ఉండి, ఊర్లో 3 రాత్రులు దాటితే అపార్ట్‌మెంట్ తీసుకోండి. లోపలికి పోయినాక రాత్రి 10 తర్వాత గొంతులు, టీవీ తగ్గించండి. గోడకు అవతల పొద్దున్నే డ్యూటీకి పోవాల్సిన మనిషి పడుకుని ఉంటాడు.

మీరు ఏ ఊర్లకు పోతున్నారో, ఎంతమందో రాయండి, రాత్రుల లెక్క కలిసి వేద్దాం. ఉంటా మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.